లైట్ షాపాయన

మొన్న కుప్పం మార్కెట్లో టమేటాలు ఏరుకుంటూ ఉంటే, తక్కెడ పట్టుకున్నావిడ చెయ్యి ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు పుంగనూరులో తెలుగు టీచరమ్మవు గదా?"

ఒకప్పుడు, అన్నాను. ఆమెది పుంగనూరేనట. మా పాత వీధి మొగదల కూరగాయలు అమ్మేదట. కూతుర్ని కుప్పానికిచ్చి తానూ ఇక్కడికే వచ్చేసిందట.

"అయితే నీకు తెలిసుండదు. మీరు బాడుగకుండిన ఇంటాయప్ప పోయినాడమ్మా. అదే, లైట్ షాపాయన. నెల కావస్తాది."

టమేటా నా చేతిలోనే ఉండిపోయింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. వరస తప్పే. కానీ ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా ఆ వరసలోనే వస్తాయి. ఎందుకంటే ఆయన జన్మలో ఏ లైట్ షాపులోనూ పని చేయలేదు. చేయలేదని చెప్పీ చెప్పీ అలసిపోయి, ఆ పేరుతోనే బతికి, ఆ పేరుతోనే పోయాడు.

నేను పుంగనూరు బడికి వచ్చింది తొంభైల నడుమ. మా ఆయన ఉద్యోగం కుప్పంలో. శనివారం బడి వదలగానే బస్సెక్కి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరడం, ఆదివారం సాయంత్రం మళ్ళీ అదే దారిన వెనక్కి రావడం. వారమంతా తల దాచుకోవడానికి వాళ్ళింటి ముందు గది బాడుగకు తీసుకున్నాను. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళాలిద్దరే. పిల్లల్లేరు. నేను పెద్దనాయనా, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పెరట్లో ఒక పొట్టి ఆవు ఉండేది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా మాట్లాడేది అదే.

"ఆయప్ప కలకత్తాలో లైట్ షాపులో పనిచేసి రిటైరై వచ్చినాడు. ట్యూబులైటు పోయినా బల్బు పోయినా ఆయప్పనే అడుగు" అని పక్కింటివాళ్ళు మొదటిరోజే చెప్పారు. ఆ వారమే నా గదిలో ట్యూబులైటు కళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. పిలిచాను. ఆయన స్టూలు వేసుకుని ఎక్కి, స్టార్టరు తిప్పి, లైటు వెలిగాక పైనుంచే చెప్పాడు.

"షాపు కాదమ్మా. షిప్పు."

"ఏం షిప్పు?"

"లైట్ షిప్పు. దీపం ఓడ."

దిగి, స్టూలు మీదే కూర్చుని వివరించాడు. గంగ సముద్రంలో కలిసే చోట నీళ్ళ కింద ఇసుక మేటలు ఉంటాయి. ఓడ వాటి మీదికి ఎక్కిందంటే అంతే సంగతులు. అక్కడ దీపస్తంభం కడదామంటే నేల లేదు. అందుకని ఎర్రరంగు వేసిన ఓడనొకదాన్ని తీసుకొచ్చి, పెద్ద లంగరు వేసి, గట్టి గొలుసుతో కట్టేస్తారు. దాని నడి స్తంభం మీద దీపం. పొద్దు గూకితే వెలగాలి, పొద్దు పొడిచేదాకా వెలగాలి. కుర్రతనంలో మద్రాసు రేవులో అద్దాలు తుడిచే పనికి కుదిరి, అక్కడినుంచి ఆ ఓడకు పోయి, జుట్టు నెరిసేదాకా ఆ దీపం దగ్గరే ఉన్నాడు. ఏడాదికొకసారి లీవు.

నాకు నోరూరింది. "అయితే ఏయే దేశాలు చూశారు పెద్దనాయనా?"

"యాడికీ పోలేదమ్మా."

"ఓడ కదా!"

"ఓడే. యాడికీ పోకుండా ఉండేదే దాని పని. మా ఆవును సూడు, గుంజకు కట్టేస్తే సుట్టూ తిరుగుతాది గానీ తావు ఇడవదు. అట్లే నీళ్ళు ఎటు లాగితే అటు తిరుగుతాంటిమి. ఇంజినే లేదు దానికి."

నాకే ఆ సంగతి మింగుడు పడడానికి రెండు రోజులు పట్టింది. ఇక ఊరివాళ్ళకేం పడుతుంది? కదలని ఓడ, దానికి జీతమిచ్చి మనుషులు, వాళ్ళు చేసే పని దీపం పెట్టడం! ఆయన మొదట్లో టీ అంగడి ముందు నిలబడి అందరికీ చెప్పి చూశాడట. "ఇంజిను లేని ఓడంట, ఎద్దుల్ని కట్టుకోకపోయినారా" అని నవ్వారట. దానికంటే షాపే నమ్మకంగా ఉంది జనానికి. పోనీలెమ్మని ఆయన ట్యూబులైట్లు బాగుచేయడం నేర్చుకున్నాడు.

ఆయన దగ్గర మెత్తటి గుడ్డ ఒకటి ఉండేది. ఓడ మీద దీపం అద్దాలు తుడిచిన గుడ్డ. పొద్దున్నే దాన్ని తీసి కిటికీ అద్దాలు, గోడ మీది దేవుడి పటాలు తుడిచేవాడు. తర్వాత నా కళ్ళద్దాలు అడిగి పుచ్చుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, "ఉప్పు పట్టలేదు" అని తిరిగిచ్చేవాడు. పుంగనూరులో ఉప్పుగాలి ఎక్కడిది? అయినా రోజూ చూసేవాడు. చలికాలం మంచు దట్టంగా దిగిన పొద్దుల్లో ఆయనకు కాలు నిలిచేది కాదు. ఓడ మీద మంచు పడితే గంట కొట్టాలి, లేకపోతే వచ్చే ఓడలకు వీళ్ళున్నట్టు తెలియదు. ఇక్కడ గంట లేదు కాబట్టి ఆవు మెడలోది విప్పి, తిన్నె మీద నిలబడి కాసేపు ఆడించి, మళ్ళీ కట్టేవాడు. "ఆవుకు లేని రంధి ఆయప్పకు" అని పెద్దమ్మ లోపలినుంచి అనేది.

పెద్దమ్మ గురించి చెప్పకపోతే ఆయన బొమ్మ సగమే. ఆమె సన్నగా, నిటారుగా ఉండేది. మాట పొదుపు. మొగుడు ఏడాదికొకసారి చుట్టపుచూపుగా వచ్చిపోతూ ఉంటే, అత్తమామల్ని సాగనంపి, ఇల్లు కప్పించి, ఆవును సాకి, వీధిలో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నెగ్గుకొచ్చింది. ఆయన లీవులో వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే అడిగేదట, "లీవు ఎన్ని దినాలు?" అని. ఓడను తీసేశాక, ఇక పోయే పనిలేదని ఆయన పెట్టె పట్టుకుని వచ్చిన రోజూ, నోటి వాలున అదే అడిగింది. ఈ సంగతి నాతో చెప్పి ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ రేకుపెట్టె వాకిలి పక్కనే ఉండేది. చొక్కాలు, పంచెలు అందులోనే. ఇంట్లో బీరువా ఉన్నా ఆయన సర్దుకోలేదు, ఆమె సర్దుకోమనలేదు. అన్నం ముందు ఆయనకే పెట్టేది, మంచి కంచంలో, వడ్డించి పక్కకు జరిగేది. చుట్టాలకు మనం చేసే మర్యాదంతా ఆయనకు జరిగేది. ఆయన ఉండడం తిన్నె మీద, పడుకోవడం పంచలో. తాను ఈ ఇంటివాడా, వచ్చిపోయేవాడా అన్నది ఆయనకే తేలలేదు. తేల్చమని అడిగే ధైర్యమూ లేదు.

రోజూ దీపాల వేళకు ఒక తంతు నడిచేది. వాకిలి పక్క గూట్లో పెద్దమ్మ దీపం పెట్టేది. ఆ వేళకు ఆయన తిన్నె మీద లేచి నిలబడేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని.

"దీపం?"

"ఎలిగింది."

అంతే. ఓడ మీద ఆ మాట అడగందే, ఆ జవాబు వినందే కాపలా మారేది కాదట. పెద్దమ్మకు ఒళ్ళు మండేది. "ఎదురుగా ఎలగతాంటే అడుగుతాడు, కండ్లు లేవా" అని నాతో గొణిగేది. కానీ జవాబు మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు.

ఒకరోజు నేనడిగాను, పెద్దనాయన వచ్చేశాడు కదా, ఆయన్నే పెట్టమనకూడదా అని. ఆమె వత్తులు చేస్తూ తల ఎత్తకుండా చెప్పింది. "ముప్పై ఏండ్లు ఉప్పునీళ్ళలో ఊరూ పేరూ తెలియనోళ్ళకంతా దీపం పెట్టినాడు టీచరమ్మా. ఈ గూట్లో దీపం నేనే పెట్టుకున్న్యా. ఇప్పుడు కొత్తగా ఏంటికి?"

ఆ ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడగా నేను చూసింది ఒక్కసారే. అదీ నన్ను తిట్టడానికి. ఒక సాయంత్రం గాలి ఎక్కువగా ఉంటే, "పెద్దమ్మా, గూట్లో దీపం ఆరిపోయింది" అన్నాను. లోపలినుంచి ఆమె, తిన్నె మీదినుంచి ఆయన ఒక్కసారే లేచారు. "ఆరిపోయిందేంది, ఆ మాటేంది! కొండెక్కిందను" అని ఆమె. "తెలుగు టీచరమ్మవు, నువ్వే అట్లంటే ఎట్లమ్మా?" అని ఆయన. నేను లెంపలేసుకున్నాను. ఇంట్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మా అమ్మ కూడా అంతే అనేది. పాఠాల హడావుడిలో మరిచాను.

ఆ సాయంత్రం ఆయనకు మాట పెగిలింది. ఓడ మీద రోజూ తెల్లారి దీపం తీశాక ఆయన తెలుగులో "కొండెక్కింది" అనేవాడట. తోటి బెంగాలీవాళ్ళు దానికి అర్థమడిగితే, దీపం కొండ ఎక్కిందని చెప్పాడు. వాళ్ళు సముద్రం నలుమూలలా చూసి, "కొండ ఎక్కడ?" అన్నారట. తర్వాత్తర్వాత వాళ్ళూ వచ్చీరాని నాలుకతో "కొండెక్కిందీ" అని అరిచేవాళ్ళట.

"కడాకు మా ఓడకూ ఆ దినం వచ్చింది. మనిషితో పనిలేని దీపం ఒకటి తెచ్చినారు. పీపా మాదిరి ఉంటాది, నీళ్ళ మీద తేల్తా ఉంటాది, దానంతట అదే ఎలుగుతాది. తెల్లారి మా దీపం కొండెక్కినాక గొలుసు ఎత్తినారు. ముందర ఒక చిన్న ఓడ తాడేసి లాగతాంటే పోయినాము. అన్నేండ్లకు ఓడ నడవడం సూస్తిని. నడిచింది దానికి సావే." తిన్నె అంచు అరచేత్తో తుడిచి, "బురద రేవులో కట్టేసినారమ్మా. నేను వచ్చే దినం సూసొస్తిని. అద్దాలకు ఎవురూ గుడ్డ పెట్టలా. ఉప్పు పట్టిండాది" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. లోపలికి పోయింది.

ఆయన ఎవరికీ సలహా చెప్పడు. ఇది నాకు వింతగా ఉండేది. మన ఊళ్ళలో రిటైరైనవాళ్ళకు అదే గదా ఉద్యోగం. నాకు కుప్పానికి బదిలీ అడగాలా, పుంగనూరులోనే ఉండి ప్రమోషను కోసం చూడాలా అన్న తికమక వచ్చినప్పుడు ఆయన్ని అడిగాను. ఆయన చేతులు అడ్డంగా ఊపాడు.

"నేను తావు తప్పినోణ్ణమ్మా. తావు తప్పినోడు దీపం పెట్టగూడదు."

నేను తెల్లమొహం వేస్తే చెప్పాడు. ఒకసారి గాలివానకు గొలుసు తెగి ఓడ కొట్టుకుపోయింది. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. కాస్త వెలుతురుంటే ధైర్యంగా ఉంటుందనుకుంటున్నారు. అప్పుడే ఓడ మీది పై అధికారి ఆజ్ఞ ఇచ్చాడు, దీపం తీసెయ్యమని. తీయాల్సింది ఈయనే. తీశాడు.

"యాల తీయమన్నాడో ఆ గాలిలో నాకూ తోచలేదు. తర్వాత తెలిసె. మా దీపం సూసుకోని వచ్చే ఓడలు దారి లెక్క కట్టుకుంటాయి. మేము ఆడ ఉండామని వాళ్ళ నమ్మకం. మేము ఇంకోతావ ఉండి దీపం సూపిస్తే, నమ్మి వచ్చి మేటకు కొట్టుకుంటారు. దీపం లేకుంటే వాళ్ళ జాగర్తలో వాళ్ళు ఉంటారు. తావు కాని తావులో దీపం సీకటి కంటే సెడ్డది."

ఆ రోజు నాకు సలహా దొరకలేదు గానీ, ఆయన ఆ తిన్నె మీదినుంచి లోపలికి ఎందుకు జరగడో అర్థమైంది. ఆయన లెక్కలో ఆయన ఇంకా కొట్టుకుపోతూనే ఉన్నాడు.

ఆ తర్వాతి ఏడాది పెద్దమ్మకు కంట్లో పొర వచ్చింది. మదనపల్లె ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి కొన్నాళ్ళు ఉండమన్నారు. ఆ ఊళ్ళోనే ఉన్న ఆమె తమ్ముడి కోడలు తోడుగా ఉంది. ఆవు పాలు పితకాలి కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మొదటిరోజు నేను బడినుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆయన తిన్నె మీద ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. అడగడానికి లోపల ఎవరూ లేరు.

"టీచరమ్మా, ఆ దీపం పెడతావా?"

"ఇంటాయన మీరుండగా నేనెందుకు పెద్దనాయనా? పెట్టండి."

"వొద్దమ్మా. అది ఆయమ్మ తావు. నువ్వైతే బాడుగిచ్చి ఉండావు, నీకు హక్కుండాది" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక దీపం నేనే పెట్టాను. ఆయన బయటినుంచి అడిగాడు, నేను జవాబిచ్చాను. మర్నాడు శనివారం, నేను కుప్పం పోకుండా ఆగాను. ఆరోజూ అంతే. మూడోరోజు ఆదివారం. మదనపల్లె బస్సెక్కాను.

పెద్దమ్మ కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. నా అడుగు విని గుర్తుపట్టి, ఆవు మేస్తోందా అనైనా అడగకుండా, మొదటే అడిగింది.

"దీపం ఎవరు పెడతాండారు?"

"నేనే పెద్దమ్మా."

"ఆయప్ప ఏం చేస్తాండాడు?"

"తిన్నె మీద నిలబడి చూస్తున్నాడు. తావు తప్పినవాడు దీపం పెట్టకూడదట."

"ఆ మాటేంది?"

చెప్పాను. గాలివాన, తెగిన గొలుసు, చీకట్లో దీపం తీసేయడం, అంతా. ముప్పై ఏళ్ళలో ఆయన ఆమెకు చెప్పని కథ అది. భయపడుతుందని చెప్పి ఉండడు. ఆమె వింటూ ఒళ్ళోని చీరకొంగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"గూట్లో దీపం పెట్టేటప్పుడంతా, ఇప్పుడు ఆడ ఆయప్ప కూడా పెడతాంటాడులే అనుకుంటాంటిని" అంది. "ఆ ఒక్క పని ఇద్దరమూ ఒకటే పొద్దుకు చేస్తాండామని. అదే నాకు కాపరం. ఇంటికొచ్చినాక సుట్టం మాదిరి వాకిట్లో కూసుంటే నాకు మాత్రం ఏం తెలుస్తాది?"

నేను లేచేటప్పుడు నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"టీచరమ్మా, పోయి ఒక మాట సెప్పు. ఇప్పుడు తావు తప్పింది నేను. మదనపల్లెలో వచ్చి పడుండాను. తావులో ఉండేది ఆయప్పే. దీపం పెట్టమను."

ఆ మాట ఒలికిపోకుండా బస్సులో జాగ్రత్తగా మోసుకొచ్చాను. నేను దిగి వీధి మలుపు తిరిగేసరికి దీపాల వేళైంది. ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె అన్నది అన్నట్టుగా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన ఆవు వైపు చూశాడు. పెదవులు కదిపి లెక్క సరిచూసుకున్నట్టున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. ఓడ నియమం అది, తోసిపుచ్చడానికి లేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. మెత్తటి గుడ్డతో ప్రమిదను తుడిచి, నూనె పోసి, వత్తి సవరించి, వెలిగించాడు. సముద్రం మీద అంత దీపం పెట్టిన చెయ్యి ఆ పిడికెడు దీపానికి గాలి సోకకుండా అడ్డం పెట్టాడు.

ఈసారి నేను తిన్నె మీద నిలబడ్డాను. "దీపం?" అన్నాను.

"ఎలిగిందమ్మా" అన్నాడు లోపలినుంచి.

పెద్దమ్మ ఇంటికి వచ్చాక ఆ గూడు మళ్ళీ అడగలేదు. తిన్నె మీద ఆమె కూర్చునేది, లోపలినుంచి ఆయన జవాబు చెప్పేవాడు. పెట్టె వాకిలి దగ్గరినుంచి ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. ఒకరోజు చూస్తే మంచం కింద ఉంది, దానిమీద ఆమె చీరలు మడతపెట్టి ఉన్నాయి. పోట్లాటలు కూడా మొదలయ్యాయి, దేవుడి దయవల్ల. పొద్దు పొడిచేదాకా దీపం వెలగాలని ఆయన ప్రమిద నిండా నూనె పోస్తాడు, "నూనె ఏమన్నా బావిలో తోడుకొస్తాండామా" అని ఆమె. చుట్టాలతో అట్లా ఎవరూ పోట్లాడరు. మరికొన్నాళ్ళకు నాకు కుప్పం బదిలీ వచ్చింది, నేనూ నా తావుకు చేరాను.

మార్కెట్లో మాట విన్న ఆ శనివారమే పుంగనూరు బస్సెక్కాను. పెద్దమ్మ తిన్నె మీద ఉంది, అప్పటికంటే ఇంకా సన్నబడి. నన్ను చూసి ఏడవలేదు, పక్కన చోటు చూపించింది.

"నిద్దట్లోనే పోయినాడమ్మా. తెల్లారినాక లేపుదామని పోతే పలకలేదు. గూట్లో దీపం అప్పటికీ ఎలగతానే ఉండాది. ఆ దినం ఆయప్పే ముందు కొండెక్కినాడు."

ఆవు ఈనిన సంగతి, కొత్తగా బాడుగకు వచ్చినవాళ్ళ సంగతి చెప్పింది. ఎదురింటివాళ్ళు పలకరించడానికి వచ్చి, "లైట్ షాపాయన మంచోడు, మా ఇంట్లో ట్యూబులైట్లంతా ఆయప్ప వేసినవే" అన్నారు. పెద్దమ్మ మెల్లగా, "షాపు కాదప్పా, షిప్పు" అంది. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు.

పొద్దు వాలింది. మాటల మధ్యలో ఆమె లోపలి వైపు మొహం తిప్పి, "దీపం?" అంది.

అన్నాక ఆమెకే తెలిసింది. లోపల ఎవరూ లేరు. నేను గబుక్కున లేచాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు కుప్పంనించి వచ్చినావమ్మా. తావులో ఉండేది నేను."

గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. మేకుకు వేలాడుతున్న మెత్తటి గుడ్డ తీసి, ప్రమిద తుడిచి, ఆయన పోసినట్టే నిండా నూనె పోసింది. వెలిగించి, గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఆయన నిలబడే చోటు వైపు చూసి చెప్పింది.

"ఎలిగింది."